సోమవారాలు, కరెంటు కోతలు, బీరువా వెనక రౌటర్: నెట్‌వర్కింగ్ తొలి కోర్సుకు పాఠమైన ఒక ల్యాబ్ లోపం

తిరుపతి దగ్గరి ఒక డిగ్రీ కాలేజీలో బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ విద్యార్థులకు నెట్‌వర్కింగ్, సెక్యూరిటీ కలిపి ఒక సెమిస్టర్ కోర్సు ఉంది. ల్యాబ్‌లో 36 సిస్టమ్‌లు. ఒకదానికొకటి కలిపిన రెండు 24 పోర్టుల సాదా స్విచ్‌లు, ర్యాక్‌లో ఒక సిస్కో రౌటర్. ఆ రౌటరే గేట్‌వే, అంటే బయటి నెట్‌కు దారి; అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ కూడా అదే. నెట్‌వర్క్ 10.20.30.0/24, గేట్‌వే 10.20.30.1. లీజు, అంటే ఇచ్చిన అడ్రస్ వాడుకునే గడువు, ఒక రోజు. ల్యాబ్ నుంచి ఒక కేబుల్ గోడ దాటి పక్కనున్న స్టాఫ్ రూమ్‌కు వెళ్తుంది.

ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "అన్నా, నెట్ రావట్లేదు." ల్యాబ్ అసిస్టెంట్ వచ్చి సిస్టమ్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. పక్క సిస్టమ్‌కు మాత్రం నెట్ బాగానే ఉండేది. కేబుల్ మార్చి చూశారు, పోర్టు మార్చి చూశారు, విండోస్ మళ్లీ ఎక్కించారు. లోపం ఒక సిస్టమ్‌ను వదిలి ఇంకో సిస్టమ్‌ను పట్టుకునేది. చివరికి ఇంటర్నెట్ కంపెనీ మీద కూడా ఫిర్యాదు పెట్టారు. బయటి లైన్‌లో ఏ తప్పూ లేదు.

ఈ లోపాన్ని వెతికిన తీరు, దాన్ని కోర్సులోకి తెచ్చిన తీరు ఇక్కడ పూర్తిగా రాస్తున్నాం. తొలి కోర్సులో నెట్‌వర్కింగ్‌కు పన్నెండు వారాలిచ్చి సెక్యూరిటీని చివరి మూడు వారాల్లోకి నెట్టే పద్ధతి చాలాచోట్ల ఉంది. అది తప్పని చెప్పడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు. తెలియక పెట్టిన ఒక పెట్టె వల్ల వచ్చిన లోపానికీ, కావాలని చేసే దాడికీ తీగ మీద నడిచే ప్యాకెట్లు ఒకటే. ఒకదాన్ని వివరించేటప్పుడే రెండోదాన్నీ చూపించాలి.

మొదటి ఆధారం: లోపం ఎప్పుడు వస్తోంది

ల్యాబ్ రిజిస్టర్‌లో ఫిర్యాదుల తేదీలను వరసగా చూస్తే రెండు సందర్భాలు కనబడ్డాయి. ఒకటి సోమవారం ఉదయం. రెండోది కరెంటు పోయి వచ్చిన వెంటనే. మిగతా రోజుల్లో ఫిర్యాదులు లేకపోలేదు గానీ చాలా తక్కువ. ఏ సిస్టమ్ చెడింది అన్న ప్రశ్న పక్కనపెట్టి ఎప్పుడు చెడింది అని అడగగానే దారి దొరికింది.

తర్వాత, నెట్ రాని సిస్టమ్‌లో ఒకే ఒక కమాండ్: ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్. విద్యార్థులు మామూలుగా ఐపీ అడ్రస్ చూసి ఆగిపోతారు. చూడాల్సినవి ఐదు: అడ్రస్, మాస్క్ (అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పేది), డిఫాల్ట్ గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్, డీఎన్‌ఎస్ సర్వర్ (సైటు పేరును అడ్రస్‌గా మార్చేది). నెట్ ఉన్న సిస్టమ్‌లో అడ్రస్ 10.20.30.74, డీహెచ్‌సీపీ సర్వర్ 10.20.30.1. నెట్ లేని సిస్టమ్‌లో అడ్రస్ 192.168.0.103, గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్, డీఎన్‌ఎస్ మూడూ 192.168.0.1. ల్యాబ్‌లో ఎవరూ పెట్టని నెట్‌వర్క్ అది. అడ్రస్ 169.254తో మొదలై ఉంటే ఏ సర్వరూ జవాబివ్వలేదని అర్థం, అప్పుడు కేబుల్‌నో స్విచ్‌నో అనుమానించాలి. ఇక్కడ జవాబిచ్చారు, కానీ ఇవ్వాల్సినవాళ్లు కాదు. అంటే రెండో డీహెచ్‌సీపీ సర్వర్ ఎక్కడో ఉంది.

అడ్రస్ అడగడం ఎలా ఉంటుందో తిరుపతి పిల్లలకు చెప్పడం తేలిక. ఆర్టీసీ బస్టాండులో దిగిన కొత్త యాత్రికుడు "కొండకు బస్సు ఎక్కడ?" అని గట్టిగా అడుగుతాడు. ఎవరినని కాదు, వినబడినవాళ్లందరినీ. మొదట ఎవరు చెయ్యి చూపిస్తే అటు నడుస్తాడు. చెప్పింది ఆర్టీసీ ఉద్యోగా, జీపు కోసం మనుషుల్ని పోగుచేసే దళారా అన్నది అతనికి తెలిసే దారి లేదు. కొత్తగా లేచిన సిస్టమ్ కూడా 255.255.255.255కు, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ, డిస్కవర్ అనే ప్రశ్న పంపుతుంది, వచ్చిన ఆఫర్లలో సాధారణంగా మొదటిదాన్ని పట్టుకుని రిక్వెస్ట్ పంపుతుంది, సర్వర్ ఔనంటుంది. ఈ మాటలు వెళ్లే యూడీపీ పోర్టు నంబర్లు సర్వర్ వైపు 67, అడిగేవాడి వైపు 68 (ఇవి కేబుల్ గుచ్చే పోర్టులు కావు). ఈ నాలుగు మాటల సంభాషణలో ఎక్కడా "నువ్వెవరు?" అన్న ప్రశ్న లేదు. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2131 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారమే ఇప్పటికీ ప్రపంచమంతా అడ్రస్‌లు తీసుకుంటోంది.

సోమవారమే ఎందుకు

ఈ కేసులో విద్యార్థులకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే. సర్వర్లు రెండున్నాయని తెలిసింది సరే. మరి రోజూ, అన్ని సిస్టమ్‌లకూ ఎందుకు చెడదు?

నిన్న తీసుకున్న లీజు ఇంకా బతికే ఉన్న సిస్టమ్ ఉదయం లేవగానే డిస్కవర్ పంపదు. "నా 10.20.30.74 నాకే ఉందా?" అని నేరుగా రిక్వెస్ట్‌తో మొదలెడుతుంది. అసలు సర్వర్ ఔను సాధారణంగా ముందే వచ్చేస్తుంది, పని అయిపోతుంది. పని మధ్యలో లీజు సగం గడిచాక చేసే పొడిగింపు కూడా తనకు అడ్రస్ ఇచ్చిన సర్వర్‌తోనే, నేరుగా జరుగుతుంది. అందుకే మంగళవారం నుంచి శనివారం వరకు చాలా సిస్టమ్‌లు క్షేమం.

శనివారం సాయంత్రం ఆపిన సిస్టమ్ సోమవారం ఉదయం లేచేసరికి ఒక రోజు లీజు చచ్చిపోయి ఉంటుంది. కొత్తగా అడగాలి. అప్పుడు పందెం మొదలవుతుంది. ఆ పందెంలో అసలు సర్వర్ ఓడిపోవడానికి ఒక కచ్చితమైన కారణం ఉంది. సిస్కో రౌటర్‌ను డీహెచ్‌సీపీ సర్వర్‌గా పెడితే, ఏ అడ్రస్ ఇవ్వబోతోందో దానికి ముందుగా రెండు పింగ్‌లు, అంటే "ఉన్నావా?" అని అడిగే చిన్న ప్యాకెట్లు, పంపుతుంది. ఒక్కో పింగ్‌కు 500 మిల్లీ సెకన్లు ఆగుతుంది. ఆ అడ్రస్‌ను ఇప్పటికే ఎవరైనా వాడుతున్నారా అని చూసుకోవడం అది. ఎవరూ పలకకపోతేనే ఆఫర్ వెళ్తుంది. అంటే దాదాపు ఒక సెకను ఆలస్యం. ఇంట్లో వాడే చిన్న రౌటర్లలో చాలావాటికి అంత ఓపిక ఉండదు, వెంటనే ఆఫర్ ఇచ్చేస్తాయి. జాగ్రత్తగా ఉన్న సర్వరే వెనకబడింది.

కరెంటు పోయి వచ్చినప్పుడు పందెం కూడా ఉండదు. చిన్న రౌటర్ అర నిమిషంలో లేస్తుంది. ర్యాక్‌లోని రౌటర్‌కు యూపీఎస్ లేదు, అది పూర్తిగా లేవడానికి కొన్ని నిమిషాలు పట్టేది. ఆ మధ్యలో లేచిన సిస్టమ్‌లు పాత అడ్రస్ అడిగితే చిన్న రౌటర్ "ఆ నెట్‌వర్క్ ఇక్కడ లేదు" అని తిరస్కరణ పంపేది. సిస్టమ్ పాత లీజు వదిలేసి కొత్తగా అడిగేది, 192.168.0 అడ్రస్ పట్టుకునేది. మర్నాడు మళ్లీ లేచినప్పుడు ఇద్దరు సర్వర్లలో ఎవరి జవాబు ముందొస్తే దాన్నిబట్టి కొన్ని తమంతట తామే కుదురుకునేవి. "ఆపి ఆన్ చేస్తే ఒక్కోసారి వస్తుంది" అన్న మాట వెనక ఉన్నది ఇదే.

దీన్ని కళ్లారా చూడటానికి వైర్‌షార్క్ చాలు, తీగ మీది ప్యాకెట్లను పట్టి చూపే ప్రోగ్రాం అది. నెట్ రాని సిస్టమ్‌లోనే దాన్ని పెట్టి, ఫిల్టర్‌లో డీహెచ్‌సీపీ అని రాసి, ఐపీకాన్ఫిగ్ రిలీజ్, ఆ తర్వాత రెన్యూ. 3.0 కంటే పాత వెర్షన్ ఉంటే ఫిల్టర్‌కు బూట్‌పీ అని రాయాలి. కొత్త మాన్యువల్ చూసి పాత వెర్షన్‌లో డీహెచ్‌సీపీ అని రాసి "ప్యాకెట్లే రావట్లేదు" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఒక డిస్కవర్‌కు రెండు ఆఫర్లు కనబడతాయి. రెండింట్లోనూ 54వ ఆప్షన్, అంటే సర్వర్ ఐడెంటిఫయర్, తెరిచి చూడాలి. ఒకదాంట్లో 192.168.0.1, ఇంకోదాంట్లో 10.20.30.1. ఎడమవైపు కాలం గడిలో రెండింటి మధ్య దాదాపు సెకను తేడా. పుస్తకంలో నాలుగు బాణాల బొమ్మగా చూసినది తెర మీద ఐదు వరసలుగా కనబడినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఆ ఐదో వరసే పాఠం.

పెట్టెను పట్టుకోవడం

ముందు ఏఆర్‌పీ స్లాష్ ఏ కొట్టాలి. ఏ ఐపీ అడ్రస్ వెనక ఏ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత అడ్రస్) ఉందో అది చూపిస్తుంది. 192.168.0.1 పక్కనున్న మ్యాక్ అడ్రస్ రాసుకోవాలి. 48 బిట్ల ఆ అడ్రస్‌లో మొదటి 24 బిట్లు తయారీదారువి. వాటినిబట్టి వెతకాల్సింది ఎలాంటి పెట్టెనో తెలుస్తుంది. మేనేజ్డ్ స్విచ్, అంటే కమాండ్‌లతో అడిగి చూసి మార్చుకోగలిగే రకం, ఉంటే దాని మ్యాక్ టేబుల్‌లో ఈ అడ్రస్ ఏ పోర్టు వెనక ఉందో ఒక్క కమాండ్‌తో తేలిపోయేది. సాదా స్విచ్‌లో ఆ టేబుల్ లోపల ఉంటుంది, చూపించదు.

కాబట్టి చేత్తోనే. ఇక్కడొక కిటుకు ఉంది: లోపం కనబడే సోమవారం కోసం ఆగక్కర్లేదు. చెడిపోయే సిస్టమ్‌లు మారుతుంటాయి గానీ రెండో సర్వర్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఒక సిస్టమ్‌కు చేత్తో 192.168.0.250, మాస్క్ 255.255.255.0 పెట్టి, 192.168.0.1కు పింగ్ స్లాష్ టీ మొదలెడితే ఏ రోజైనా జవాబు వస్తూనే ఉంటుంది. ఆ తెర చూస్తూ ముందు రెండు స్విచ్‌ల మధ్య కేబుల్ తీయాలి. పింగ్ ఆగితే పెట్టె అవతలి స్విచ్ మీద, ఆగకపోతే ఇవతల. అనుమానం ఉన్న స్విచ్‌లో సగం కేబుళ్లు తీయాలి, పింగ్ చేస్తున్న సిస్టమ్‌దీ, అవసరమైతే స్విచ్‌ల మధ్యదీ ఉంచి. మళ్లీ మిగిలిన దాంట్లో సగం. 24 పోర్టులకు ఐదుసార్లు చాలు, మొదటిదాంతో కలిపి ఆరు. డేటా స్ట్రక్చర్స్‌లో చదివిన బైనరీ సెర్చ్ తీగల మీద చేయడమే ఇది. తీసే ప్రతి కేబుల్‌కూ ముందే నంబరు చీటీ అంటించాలి. అంటించకుండా తీసి, తిరిగి పెట్టేటప్పుడు ఒకే కేబుల్ రెండు కొసల్నీ ఒకే స్విచ్‌లో గుచ్చితే లూప్ ఏర్పడుతుంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌కు ఐపీ ప్యాకెట్‌లా ఆయుష్షు లెక్క లేదు, ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఆగకుండా తిరుగుతూ పెరిగి ల్యాబ్ మొత్తాన్ని ముంచేస్తుంది. చిన్న లోపం వెతకబోయి పెద్దది తెచ్చుకోవడం ఇలాగే జరుగుతుంది.

దారి స్టాఫ్ రూమ్ కేబుల్ దగ్గర తేలింది. అక్కడ ఇనుప బీరువా వెనక, నేలకు జానెడు ఎత్తున, ఇంట్లో వాడే వైఫై రౌటర్ ఒకటి మేకుకు వేలాడుతోంది. మీద దుమ్ము మందంగా ఉన్నా కింద పచ్చ దీపాలు మెరుస్తున్నాయి. దానికి వెనక ఐదు రంధ్రాలు: నీలం రంగుది ఒకటి, బయటి నెట్ కోసం, పసుపువి నాలుగు, ఇంట్లో సిస్టమ్‌ల కోసం. ల్యాబ్ కేబుల్ పసుపు రంధ్రంలో ఉంది. నీలం ఖాళీ. ఫోన్లకు వైఫై వస్తుందని ఎవరో పెట్టారు. ఫోన్లకు అడ్రస్ ఈ రౌటరే ఇచ్చింది, బయటికి దారి మాత్రం లేదు కాబట్టి నెట్ రాలేదు. పనిచేయదని వదిలేశారు. ప్లగ్గు తీయలేదు.

కేబుల్ నీలం రంధ్రంలో ఉండి ఉంటే ఏమయ్యేదని తరగతిలో తప్పకుండా అడగాలి. అప్పుడు ఆ రౌటర్ ల్యాబ్ నుంచి ఒక అడ్రస్ తీసుకుని, తన వెనకున్న ఫోన్లకు మాత్రమే వేరే నెట్‌వర్క్ నడిపేది. ల్యాబ్‌కు దాని డీహెచ్‌సీపీ వినబడేదే కాదు. ఇంకో ప్రశ్న: పసుపు రంధ్రంలోనే ఉంచి, నీలం రంధ్రానికి ఒక మొబైల్ డేటా డాంగిల్ పెట్టెను కలిపితే? అప్పుడు తప్పు అడ్రస్ వచ్చిన సిస్టమ్‌లకు కూడా నెట్ వస్తుంది. ఫిర్యాదు ఒక్కటీ రాదు. సగం ల్యాబ్ బయటికి పంపే ప్రతి ప్యాకెట్టూ ఆ పెట్టె గుండా వెళ్తుంది, దాన్ని పెట్టినవాడు చూడగలడు, డీఎన్‌ఎస్ జవాబులు మార్చగలడు. నెట్ ఆగిపోవడం వల్లే ఈ లోపం బయటపడింది. ఆగకుండా ఉండి ఉంటే దాని పేరు దాడి.

"మరి ఫైర్‌వాల్ ఉంది కదా సార్" అని ఎవరో ఒకరు అంటారు. అలిపిరి దగ్గర తనిఖీ కొండెక్కే ప్రతి బండికీ, ప్రతి సంచికీ ఉంటుంది. బస్టాండులో దళారి యాత్రికుడి చెవిలో చెప్పే అబద్ధం అలిపిరి దాకా రాదు. ఒకే స్విచ్ మీదున్న రెండు పెట్టెల మధ్య మాటలు గేట్‌వే దగ్గరున్న ఫైర్‌వాల్‌కు చేరవు. ఈ ఒక్క సంగతి అర్థమైతే లోపలి నెట్‌వర్క్‌కు వేరే కాపలా ఎందుకో మళ్లీ చెప్పక్కర్లేదు.

సరిచేయడం, సరిచేసేటప్పుడు చెడినవి

వెంటనే చేసింది చిన్న పని. ఆ రౌటర్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ ఆపి, దాని సొంత అడ్రస్ 10.20.30.5గా మార్చి, కేబుల్ పసుపు రంధ్రంలోనే ఉంచారు. ఇప్పుడది ఉత్త వైఫై యాక్సెస్ పాయింట్. రౌటర్ పంచే అడ్రస్‌లు 51 నుంచి 200 వరకే కాబట్టి 5 ఎవరితోనూ ఢీకొనదు. పాస్‌వర్డ్ మార్చారు. తప్పు అడ్రస్ పట్టుకున్న సిస్టమ్‌లన్నిటిలో రిలీజ్, రెన్యూ చేశారు.

అయితే రేపు ఇంకెవరో ఇంకో రౌటర్ తేవచ్చు. అందుకే సాదా స్విచ్‌ల స్థానంలో రెండు మేనేజ్డ్ స్విచ్‌లు పెట్టి డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేశారు. సూత్రం చిన్నది: ఆఫర్ ఏ పోర్టు నుంచి రావచ్చో స్విచ్‌కు చెప్పి పెట్టడం. నమ్మకమైన పోర్టు కాని చోటి నుంచి ఆఫర్ వస్తే స్విచ్ అక్కడే పడేస్తుంది.

ఆచరణలో నాలుగు చోట్ల దెబ్బ తగులుతుంది. నాలుగూ విద్యార్థుల చేత కావాలనే చేయించాలి.

మొదటిది వరస. స్నూపింగ్ ముందు ఆన్ చేసి ట్రస్ట్ తర్వాత పెడదామనుకుంటే, ఆ మధ్యలో అసలు సర్వర్ ఆఫర్లు కూడా పోతాయి. ముందు సర్వర్ వైపు చూసే పోర్టుకు ట్రస్ట్, తర్వాత వీలాన్‌కు (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్ భాగానికి) స్నూపింగ్, చివర్లో స్విచ్ మొత్తానికి. రెండో స్విచ్‌లో ట్రస్ట్ పెట్టాల్సింది మొదటి స్విచ్ వైపున్న పోర్టుకు. చాలామంది అక్కడ మర్చిపోతారు, సగం ల్యాబ్‌కే అడ్రస్‌లు వస్తాయి.

రెండోది అన్నీ సరిగ్గా పెట్టినా అడ్రస్ రాకపోవడం. సిస్కో స్విచ్ స్నూపింగ్ ఆన్ చేయగానే, వెళ్లే ప్రతి డిస్కవర్‌లోనూ 82వ ఆప్షన్ అని ఒక చీటీ తగిలిస్తుంది, ఏ పోర్టు నుంచి వచ్చిందో చెప్పడానికి. సిస్కో రౌటర్ సర్వర్‌గా ఉన్నప్పుడు, రిలే అడ్రస్ (మధ్యవర్తిగా ఆ ప్రశ్నను అందించిన పెట్టె అడ్రస్) సున్నాగా ఉండి ఈ చీటీ మాత్రం ఉంటే అనుమానించి పడేస్తుంది. రెండో స్విచ్ తగిలించిన చీటీని చూసి మొదటి స్విచ్ కూడా అలాగే పడేస్తుంది. రెండు స్విచ్‌లలోనూ "నో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఇన్ఫర్మేషన్ ఆప్షన్" ఇస్తే తీరిపోతుంది. ఈ ఒక్క గీత తెలియక గంటలు పోగొట్టుకున్న ల్యాబ్‌లు తక్కువ కాదు.

మూడోది స్పానింగ్ ట్రీ, అంటే లూప్ ఏర్పడకుండా స్విచ్‌లు చూసుకునే పద్ధతి. పాత పద్ధతి స్పానింగ్ ట్రీ కేబుల్ తగలగానే పోర్టును 30 సెకన్లు ఆపుతుంది, లూప్ ఉందేమో వినడానికి 15, నేర్చుకోవడానికి 15. ఈలోగా సిస్టమ్ అడిగి అడిగి విసిగి 169.254 అడ్రస్ వేసుకుంటుంది. సిస్టమ్‌లున్న పోర్టులకు ఈ ఆగడం లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టాలి, దానితోపాటే బీపీడీయూ గార్డ్ కూడా, అంటే అక్కడ ఇంకో స్విచ్ స్పానింగ్ ట్రీ మాట వినబడగానే పోర్టును మూసేసేది. ఒట్టి పోర్ట్‌ఫాస్ట్ పెడితే, ఆ పోర్టుకు ఎవరైనా ఇంకో స్విచ్ కలిపినప్పుడు లూప్‌కు తలుపు తెరిచినట్టే.

నాలుగోది ఏఆర్‌పీ తనిఖీ. 1982 నాటి ఏఆర్‌పీ కూడా అడిగినదానికి ఎవరు జవాబిచ్చినా నమ్ముతుంది. "10.20.30.1 నేనే" అని ఏ సిస్టమ్ అయినా చెప్పుకోవచ్చు. దాన్ని ఆపే డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్, స్నూపింగ్ రాసుకున్న పట్టిక చూసి తీర్పు చెబుతుంది. ఆ పట్టికలో లేనివాళ్లంతా అబద్ధాలకోర్లే. చేత్తో అడ్రస్ పెట్టిన ప్రింటర్ ఆ క్షణమే మూగబోయింది. దానికి విడిగా ఏఆర్‌పీ జాబితాలో అనుమతి రాయాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి: పట్టిక స్విచ్ మెమరీలో ఉంటుంది. కరెంటు పోతే పోతుంది. స్విచ్ తిరిగి లేచాక పట్టిక ఖాళీ, లీజు బతికి ఉన్న సిస్టమ్‌లు తమ అడ్రస్‌తో మాట్లాడితే స్విచ్ వినదు. కరెంటు కోతల వల్ల వచ్చిన లోపాన్ని సరిచేయబోయి కరెంటు కోతకే మళ్లీ పడిపోయే ఏర్పాటు చేసుకున్నట్టయింది. పట్టికను ఫ్లాష్‌లో భద్రం చేసే స్నూపింగ్ డేటాబేస్ కమాండ్ ఇవ్వాలి. స్విచ్ గడియారం కూడా సరిగ్గా ఉండాలి, లేకపోతే భద్రం చేసిన లీజుల గడువు తప్పుగా లెక్కపడుతుంది. ర్యాక్‌కు యూపీఎస్ కూడా అప్పుడే పెట్టారు.

కోర్సులోకి తెచ్చిన విధం

కాలేజీ నెట్‌వర్క్‌ను ప్రయోగశాల చేయకూడదు. ల్యాబ్‌లో ఒక మూల విడి బల్ల ఉంది: రెండు సిస్టమ్‌లు, ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్ ఒకటి, పాత ఇంటి రౌటర్లు రెండు. కేబుళ్లన్నీ ఎర్రవి. ఎర్ర కేబుల్ గోడ పోర్టులో కనబడితే ఎవరైనా పీకేయవచ్చు, అడగక్కర్లేదు. ఏఆర్‌పీ మోసం, దొంగ డీహెచ్‌సీపీ ప్రయోగాలు ఈ బల్ల మీదే. మొదటి రోజే ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్లు చదివిస్తారు: యజమాని అనుమతి లేకుండా ఇదే పని బయట లాడ్జి వైఫైలో మోసపూరితంగా గానీ నిజాయితీ లేకుండా గానీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. భయపెట్టడానికి కాదు, బల్ల అంచు ఎక్కడుందో తెలియడానికి.

కేబుల్ చేయడం రెండో వారం. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒక్కటి తప్ప. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ అన్న వరసను "అందంగా లేదు" అని కొందరు జతలు జతలుగా పేర్చేస్తారు, రెండు కొసలా ఒకేలా. ఎనిమిది దీపాల టెస్టర్ అన్నీ సరే అంటుంది. కానీ 3, 6 పిన్నులకు ఒకే మెలిక జత వెళ్లదు కాబట్టి సంకేతాలు ఒకదాంట్లోకి ఒకటి కారతాయి. కేబుల్ పొడవైనకొద్దీ వేగం చచ్చిపోతుంది. టెస్టర్ తీగ తెగిందో లేదో చెబుతుందే గాని, జత చీలిందని చెప్పలేదు. మెలిక విప్పడం 13 మిల్లీమీటర్లు దాటకూడదు.

ఇక "నెట్ రావట్లేదు" అన్న మాటను ల్యాబ్‌లో ఒప్పుకోరు. దానికి బదులు ఒక కాగితం నింపాలి. ఐపీకాన్ఫిగ్‌లోని ఐదు గడులు, తర్వాత వరసగా పింగ్: 127.0.0.1 (సిస్టమ్ తనకు తానే), పక్క సిస్టమ్, గేట్‌వే, బయటి 8.8.8.8 (గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్), చివరికి ఒక పేరు. అంకెతో పింగ్ పోయి పేరుతో పోకపోతే తప్పు డీఎన్‌ఎస్‌ది. పక్క సిస్టమ్‌కు పింగ్ పోకపోతే మాత్రం తొందరపడకూడదు. విండోస్ ఫైర్‌వాల్ పబ్లిక్ నెట్‌వర్క్‌లో పింగ్‌ను మామూలుగానే అడ్డుకుంటుంది. వెంటనే ఏఆర్‌పీ స్లాష్ ఏ చూడాలి. పక్క సిస్టమ్ మ్యాక్ అడ్రస్ అందులో పడి ఉంటే తీగ, స్విచ్ రెండూ బాగున్నట్టే, అడ్డుకున్నది ఫైర్‌వాల్. ఈ ఒక్క తేడా పట్టుకోగలిగిన విద్యార్థికి నెట్‌వర్క్ నమూనాలోని రెండో పొర (మ్యాక్, స్విచ్), మూడో పొర (ఐపీ) అంటే ఏమిటో తెలిసినట్టే. ఏడు పొరల పేర్లు వరసగా అప్పజెప్పినవాడికి అది తెలిసి ఉంటుందన్న హామీ లేదు.

డీఎన్‌ఎస్ వారంలో రెండు అబద్ధాలను పక్కపక్కన పెడతారు. మొదటిదానికి బల్ల మీద లైనక్స్ సిస్టమ్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వర్ ప్రోగ్రాం నడిపి, అడ్రస్‌లతోపాటు డీఎన్‌ఎస్ కూడా తనే అని పంచుతారు, ఒక సైటు పేరు అడిగితే తన అడ్రస్ ఇచ్చేలా. విద్యార్థి సరైన పేరే కొడతాడు, తప్పు చోటికి వెళ్తాడు. కానీ హెచ్‌టీటీపీఎస్ సైటు అయితే, ఆ పేరు తనదేనని సైటు చూపాల్సిన సర్టిఫికెట్ సరిపోలేదని బ్రౌజర్ అడ్డం పడుతుంది. ఆ హెచ్చరికను దాటి ముందుకెళ్తే ఏం జరుగుతుందో అక్కడే చూస్తారు.

రెండో అబద్ధం ఈ ఊరికి బాగా తెలిసిందే. దర్శనం టికెట్లు, గదులు ఇప్పిస్తామంటూ దేవస్థానం పేరు పెట్టుకున్న నకిలీ సైట్లు. టీటీడీ అధికారిక సైటు పేరు 2024 జనవరిలో మారింది; ఇప్పుడది టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్. పేరును కుడి నుంచి ఎడమకు చదవాలి. చివర డాట్ ఇన్, దానికి ముందు జీఓవీ, అది ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. తర్వాత ఏపీ. ఆ మూడూ దాటాకే దేవస్థానం పేరు. నకిలీ సైటులో దేవస్థానం పేరు ఎడమ కొసన ఎంత పెద్దగా ఉన్నా, కుడి కొసన ఉన్నవాడే యజమాని. అక్కడ సర్టిఫికెట్ సరిగ్గానే ఉంటుంది, తాళం గుర్తు చూపే బ్రౌజర్లలో అది కూడా కనబడుతుంది, ఎందుకంటే ఆ నకిలీ పేరు నిజంగా వాళ్లదే. తాళం చెప్పేది దారిలో ఎవరూ వినరని మాత్రమే. మొదటి అబద్ధాన్ని బ్రౌజర్ పట్టుకుంటుంది, రెండోదాన్ని కన్నే పట్టుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లకు టికెట్లు బుక్ చేసిపెట్టేది ఈ పిల్లలే కాబట్టి ఈ గంట పాఠం ఆ సాయంత్రమే పనికొస్తుంది. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలన్నది కూడా ఆ కాగితం అడుగున రాసి ఇస్తారు; ఆలస్యమైనకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఇంటర్నల్ పరీక్షలో బల్ల మీద ఒక లోపం పెట్టి 20 నిమిషాలిస్తారు. కనిపెట్టినందుకు సగం మార్కులు, ఏ ఆధారంతో కనిపెట్టారో రాసినందుకు సగం. ఊహించి సరిగ్గా చెప్పినవాడికి ఆ రెండో సగం రాదు.

ఇంకా మూయని తలుపు ఒకటుంది. ఇదంతా ఐపీవీ4కు, అంటే ఇంతవరకు చూసిన నాలుగు అంకెల అడ్రస్‌ల పద్ధతికి, కట్టిన కాపలా. ల్యాబ్ సిస్టమ్‌లన్నిటిలో దాని తర్వాతి తరం ఐపీవీ6 కూడా మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. అక్కడ గేట్‌వే నేనని చెప్పుకోవడానికి డీహెచ్‌సీపీ కూడా అక్కర్లేదు, ఒక రౌటర్ అడ్వర్టైజ్‌మెంట్, అంటే "రౌటర్‌ను నేనే" అన్న ప్రకటన ప్యాకెట్, చాలు. డీహెచ్‌సీపీ స్నూపింగ్ దాన్ని చూడనే చూడదు. దానికి ఆర్‌ఏ గార్డ్ అని వేరే ఉంది, 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6105లో చెప్పినది. ఇప్పుడు పెట్టిన స్విచ్‌లలో అది లేదు. వచ్చే సెమిస్టర్‌కు ఎర్ర కేబుళ్ల బల్ల మీద పెట్టబోయే లోపం ఇదే: లైనక్స్ సిస్టమ్‌లో ఆ ప్రకటనలు పంపే ఆర్‌ఏడీవీడీ అనే ప్రోగ్రాం నడుస్తుంది. ఐపీకాన్ఫిగ్‌లో డిఫాల్ట్ గేట్‌వే దగ్గర ఎఫ్ఈ80తో మొదలయ్యే రెండో గీత కనబడుతుంది. వైర్‌షార్క్‌లో ఐసీఎంపీవీ6, టైప్ 134 అన్న ఫిల్టర్‌తో దాన్ని పంపిన మ్యాక్ అడ్రస్ దొరుకుతుంది. అక్కడి నుంచి స్విచ్ పోర్టు దాకా వెళ్లాలి.